చుట్టూ తోలిన మంద

అన్న చేను ఇంకో మలుపులో ఉందనగా మందక్క గొర్రెల్ని ఆపేసేది. దారి పక్క ముళ్ళచెట్ల నీడలో అవి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పడుకునేవి. కాసేపు నెమరు వెయ్యనిచ్చి, ఒక్కసారిగా అదిలించి లేపేది. పడుకుని లేచిన గొర్రె మొట్టమొదట చేసే పని ఒకటే. ఆ పని అక్కడే తీరిగ్గా కానిచ్చి, కడుపులు ఖాళీ అయ్యాయని నమ్మకం కుదిరాక, మందను పరుగు మీద అన్న చేను గట్టు దాటించేది. అయినా ఏదో ఒక గొర్రె మాట వినక నాలుగు పెంటికలు రాల్చేది. వెనక వస్తున్న ఆమె మొగుడు చంకలోని చీపురు తీసి వాటిని ఊడ్చి, చేటలోకి ఎత్తి, పక్కవాళ్ళ చేనులోకి విసిరేవాడు.

"దారులూడ్చే ఉద్యోగం ఎప్పుడొచ్చింది నీకు?" అని ఎవరైనా నవ్వితే, "ఇంకా పర్మనెంటు కాలేదు. పై అధికారి ముందు పోతోంది, ఆవిడనడుగు" అనేవాడు.

పై అధికారి వెనక్కి తిరిగి చూసేది కాదు. ఆమె పొడుగాటి మనిషి, నడకలో ఒక భుజం కాస్త కిందికి ఉండేది. చిన్నప్పటి నుంచీ ఆ భుజం మీదే, రాత్రిళ్ళు మంద చుట్టూ కట్టే వల మోసింది. నడవలేని గొర్రెపిల్లల్ని మోసిందీ ఆ భుజమే. పెద్దా చిన్నా తేడా లేకుండా అందరూ మందక్క అని పిలవడంతో ఆమె సొంత పేరు మొగుడు కూడా మర్చిపోయి ఉంటాడు. వాళ్ళ ఇల్లు ఒక్కటే గది. గోడకు వలలు, మూలన గుంజల కట్ట, వాటి పక్కన సమ్మెట. మంచం కింద ఎప్పుడూ ఏదో ఒక జబ్బు గొర్రెపిల్ల పడుకుని ఉండేది. ఇంటికొచ్చినవాళ్ళు కూర్చునే ముందు ఎక్కడ కూర్చోవాలో వెతుక్కునేవారు.

తండ్రికి ఇద్దరే పిల్లలు. పోయే ముందు చేను కొడుక్కి, మందను కూతురికి ఇచ్చాడు. ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి ఒక్క మాటే చెప్పాడు: కోత అయ్యాక మంద ముందు అన్న చేనులో దిగాలి, ఆ తర్వాతే బయటి చేలకు పోవాలి. వేసవిలో మందకు అన్న బావి నీళ్ళు. ఇద్దరూ తలూపారు. అప్పటికి అందులో ఒప్పుకోకపోవడానికి ఏమీ లేదు.

చాలా ఏళ్ళు అలాగే జరిగింది. కోసిన చేనులో కొయ్యకాళ్ళు మేసి, సాయంత్రానికి గొర్రెలు వలలోకి చేరేవి. తెల్లవార్లూ అవి వేసిన పెంటా పోసిన మూత్రమూ అక్కడి మట్టిలోనే ఇంకేవి. మర్నాడు గుంజలు పీకి వలను పక్కకు జరిపేవాళ్ళు. చేను ఈ చివర నుంచి ఆ చివరకు అలా నడుచుకుంటూ పోయేది మంద. వానలు పడి దున్నితే మట్టి గుప్పిట్లో ముద్దయ్యేది, వేలితో తాకితే విడిపోయేది. నాగలి వెంట వానపాములు తేలేవి, వాటి వెంట కొంగలు దిగేవి.

తర్వాత అన్న మోటారు పెట్టించాడు. ఒక పంట రెండైంది, రెండు మూడయ్యాయి. కోతకూ విత్తుకూ మధ్య మంద దిగే ఖాళీ లేకుండా పోయింది. కొయ్యకాళ్ళకు నిప్పు పెట్టి, మసి చల్లారకముందే దున్నించేవాడు. తండ్రి విత్తనాలు దాచిన గదిలో ఇప్పుడు ఎరువు బస్తాలు పైకప్పు దాకా ఉండేవి.

"బస్తా కోసి చల్లితే వారం తిరక్కుండా పచ్చబడుతోంది. నీ గొర్రెలు ఎప్పుడు మేస్తాయి, ఎప్పుడు వేస్తాయి అని నేను గట్టు మీద కూర్చోవాలా?" అన్నాడు చెల్లెలితో. ఆ రోజు ఆమె నవ్వేసింది. మందకు బయటి చేలు బోలెడున్నాయి. బావి నీళ్ళు ఉంటే చాలనుకుంది.

ఆ వేసవిలో కుంటలన్నీ ఎండిపోయాయి. అన్న బావిలో మాత్రం నీళ్ళున్నాయి. మిట్టమధ్యాహ్నం మందను తోలుకొచ్చేసరికి బావి చుట్టూ కొత్తగా ఇనుప కంచె, దానికో గేటు, గేటుకు తాళం. లోపల మోటారు నడుస్తోంది. నీళ్ళ వాసన తగిలి గొర్రెలు గేటు మీద పడి అరుస్తున్నాయి.

"అన్నా, తాళం తియ్యి. చూలువి ఉన్నాయి మందలో."

"మూడో పంట గింజ పట్టే టైములో ఉంది. నీళ్ళు తగ్గితే మొత్తం తాలవుతుంది" అన్నాడు అతను, కంచె లోపల నుంచే.

"ఒక్క తొట్టి."

"ఇవాళ తొట్టి పోస్తే రేపూ వస్తావు."

"రాకేం చేస్తాను? నాన్న చెప్పినదేగా."

"నాన్న రోజులు వేరు. అప్పుడు నీ గొర్రెల పెంట కావాల్సి వచ్చింది. ఇప్పుడు దాంతో నాకేం పని? నీ దారి నువ్వు చూసుకో."

ఆమె మందను మళ్ళించి ఏటి మడుగు వైపు నడిపింది. మడుగు చాలా దూరం. చూలు గొర్రెలు ముందు కూలబడ్డాయి. ప్రాణం పోయిన ఒకదాని కడుపులో పిల్ల ఇంకా కదులుతుంటే ఆమె కత్తితో కోసి బయటకు తీసింది. మూతి తుడిచి, ముక్కులోకి ఊది, కాళ్ళు పట్టుకుని ఊపింది. పిల్ల ఊపిరి తీసుకోలేదు. మొగుడు గుంట తవ్వబోతే వద్దంది. "ఇక్కడే ఉండనియ్. దారిన పోయేవాళ్ళందరూ చూడనియ్." మడుగు చేరేసరికి మందలో సగం లేదు.

ఆ తర్వాత ఆమె అన్నతో పోట్లాడలేదు. పెద్దమనుషుల్ని పిలవలేదు. అతనికి తాళమాయన అని పేరు మాత్రం పెట్టింది. టీ కొట్టు దగ్గర ఒకసారి అంది, అంతే. పది రోజుల్లో ఆ పేరు ఎరువుల కొట్టు దాకా పోయింది.

అసలు పని కోతల తర్వాత మొదలుపెట్టింది. అన్న చేనుకు ఎగువన గొడుగు మామ చేను ఉంది. ఎండకీ వానకీ నీడకీ కూడా గొడుగు మడవని మనిషి ఆయన. మందక్క నేరుగా ఆయన దగ్గరకు పోయి, "మామా, ఈ ఏడు మంద నీ చేనులో కడతాను. ఏమీ ఇవ్వక్కర్లేదు" అంది.

"ఏమీ ఇవ్వక్కర్లేదంటే భయంగా ఉందే అమ్మాయ్."

"భయపడాల్సింది నువ్వు కాదులే."

గొడుగు మామ చేను తర్వాత దాని పక్క చేను, ఆ తర్వాత దిగువది, ఆ తర్వాత దారికి అవతలిది. అన్న చేను చుట్టూ ఉన్న చేలన్నిట్లోనూ ఏటేటా మంద నిలిచింది. గట్టు అంచు దాకా వల కట్టేది, గట్టు దాటి ఒక్క గొర్రెనూ పోనిచ్చేది కాదు. దారి మీద రాలినవి కూడా అతని చేనులోకి పోకుండా చీపురు వచ్చింది.

ఆమెకు తొందర లేదు. మొదటి రెండేళ్ళు అన్న చేను ఎప్పటిలాగే పచ్చగా ఉంది. మూడో ఏడు వాన వెలిశాక ఆమె గట్టు మీద నిలబడి చూస్తే అతని చేనులో పైమట్టి పెచ్చు కట్టి మెరుస్తోంది. మొలకలు ఆ పెచ్చును పొడుచుకుని రాలేక వంకర్లు తిరిగాయి. ఆ తర్వాతి ఏడు దున్నితే మట్టి పెళ్ళలు పెళ్ళలుగా లేచింది, వాటి మీద సమ్మెట వెయ్యాల్సి వచ్చింది. కొంగలు అతని నాగలి వెంట దిగడం మానేసి గొడుగు మామ చేనులోకి పోయాయి. మోటారు నీళ్ళు పారిన చోట తెల్లగా చౌడు తేలింది. చల్లిన ఎరువు మొదటి పెద్దవానకే కొట్టుకుపోయేది. అతను ఇంకా తెచ్చి చల్లేవాడు.

ఒకసారి ఎరువుల కొట్టు ముందు అతను బండికి బస్తాలు ఎత్తిస్తుంటే మంద ఎదురొచ్చింది. ఇద్దరికీ మాటల్లేక ఏళ్ళయింది. ఆమె ఆగి, బస్తాల్ని ఎగాదిగా చూసి, "ఇంకోటి కూడా వేసుకో అన్నా. నేలకు ఆకలెక్కువైనట్టుంది" అంది. కొట్టతను నవ్వు ఆపుకోలేక లోపలికి పోయాడు. అన్న తాడు బిగిస్తూ ఉండిపోయాడు.

ఆ రోజు ఇంటికొచ్చి ఆమె కడుపునిండా తింది. మొగుడు అది గమనించాడు.

"పోయినవాటి కంటే ఎక్కువే పుట్టాయి కదే మళ్ళీ. ఇంకా ఎన్నాళ్ళు?"

"పుట్టినవి వేరే గొర్రెలు."

"మీ అన్న నీ ముందు ఏడిస్తే చాలా?"

"ఏడవక్కర్లేదు. నోరు తెరిచి అడగాలి. పెంటతో పని లేదన్న నోటితోనే, మంద తోలు చెల్లీ అని అడగాలి."

"అడిగితే తోలతావా?"

ఆమె చెయ్యి కడుక్కోవడానికి లేచింది.

అన్న అడగలేదు. అతని బదులు కూతురు వచ్చింది. వదిన పోయాక ఆ ఇంట్లో తండ్రీ కూతుళ్ళే మిగిలారు. మేనకోడలు బజారు వీధిలో బట్టలు కుడుతుంది. మాట తిన్నగా ఉంటుంది, మెడలో టేపు తీయడం ఎప్పుడూ గుర్తుండదు. మందక్క గదిలో కూర్చునే చోటు వెతుక్కోకుండా గుంజల కట్ట మీదే కూర్చుంది.

"అత్తా, నాన్న మన్ను అమ్మేస్తున్నాడు."

"ఏ మన్ను?"

"చేనులో మన్ను. ఇటుకల బట్టీ ఆయన వచ్చాడు. పైమట్టి నడుం లోతు తీసుకుంటాడట. ఇప్పుడు ఇంకోచోట తవ్వుతున్నాడు, వానలకు మనం వేసే పంట తియ్యగానే ఇక్కడికి యంత్రం తెస్తానన్నాడు. ఎలాగూ పండట్లేదు, ఇటుకలైనా అవుతాయి అంటున్నాడు నాన్న."

మందక్క ఒళ్ళోని గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతోంది. సీసా అలాగే పట్టుకుని, "మంచిదే. ఇక మీ నాన్నకు చేనూ లేదు, చింతా లేదు" అంది.

"నాకు లేకుండా పోతుంది. నేనెంతకాలం పరాయివాళ్ళ గుడ్డలు కుట్టాలి? ఒక్క ఏడాది మంద కడితే నాన్న ఆగుతాడు."

"మీ నాన్నకు నోరు లేదా?"

"ఉంది. నీకున్నంత పొగరూ ఉంది."

"అయితే ఆ నోటితోనే రమ్మను" అంది మందక్క. మేనకోడలు టేపును చేతికి చుట్టుకుంటూ లేచిపోయింది.

ఆ సంగతి మర్నాడు టీ కొట్టు దగ్గర అందరి నోట్లోనూ ఉంది. గొడుగు మామ గొడుగు కిందే కూర్చుని గ్లాసు పట్టుకున్నాడు. మందక్క కనపడగానే, "విన్నావా అమ్మాయ్, మన కొంప మునిగింది" అన్నాడు.

"మునిగేది అతనిది. మీకేంటి?"

"మాకేంటా? వాడి చేను నడుం లోతు గుంట అయితే దాని చుట్టూ ఉన్న మా చేలు ఏమవుతాయి? మొదటి వానకే గట్లు జారతాయి. మా మట్టంతా ఆ గుంటలోకే. నువ్వు ఇన్నేళ్ళు మా చేలల్లో కట్టిన మంద ఉంది చూశావా, ఆ బలమంతా కడుక్కుని పోయి వాడి చేనులో కూర్చుంటుంది. నాలుగు వానలు పడితే చాలు, వాడికి నువ్వు ఉచితంగా మంద కట్టినట్టే."

అక్కడున్నవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. గ్లాసు తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

సాయంత్రం దాకా ఆమె మందను ఎటు మేపిందో మొగుడికి అర్థం కాలేదు. ఏళ్ళ తరబడి అన్నకు దక్కకూడదని చుట్టూ పోసినదంతా వాన నీళ్ళలో నడుచుకుంటూ అతని చేనులోకి దిగడం ఆమెకు కళ్ళ ముందే కనపడుతోంది. అతను అడగకుండానే. ఒక్క మాట అనకుండానే. గట్టు మీద కూర్చుని చూస్తుంటాడు, అంతే.

పొద్దు వాలుతుండగా మందను అన్న చేను వైపు తిప్పింది. ముళ్ళచెట్ల దగ్గర ఆపలేదు. గట్టు ఎక్కించి, కొయ్యకాళ్ళ మీదుగా చేను నట్టనడుమకు తోలింది. ఎలాగూ తవ్వించేదేనని ఈసారి అన్న వాటికి నిప్పు పెట్టలేదు.

"గుంజలు దించు" అంది మొగుడితో.

"చీపురు పారెయ్యమంటావా?"

"దాచి ఉంచు."

గుంజలు పాతిన చప్పుడు విని అన్న ఇంట్లోంచి వచ్చాడు. అతని వాకిలి చేనుకు ఎదురుగానే ఉంటుంది. బనీను మీద ఉన్నాడు, పెరిగిన గడ్డం తెల్లగా ఉంది.

"ఎవర్ని అడిగి తోలావు?"

"ఎవర్నీ అడగలేదు. అడగడం మన వంశంలో లేదుగా."

"నీ పెంట నాకొద్దని చెప్పాను."

"నీకివ్వట్లేదు. ఈ నడుమ పట్టీ ఒక్కటే కడతాను, రేపు పొద్దున పోతాను. మిగతాది నీ బస్తాలకు వదిలేస్తున్నా."

అవతల గట్ల మీద అప్పటికే ఇద్దరు ముగ్గురు చేరారు, గొడుగు కూడా కనపడుతోంది. అతను వెనక్కి తిరిగి లోపలికి పోయాడు. మర్నాడు పొద్దున్నే ఆమె గుంజలు పీకించి, వల భుజాన వేసుకుని, చెప్పినట్టే వెళ్ళిపోయింది.

వానలు పడ్డాక అన్న ఆఖరి పంటగా మొక్కజొన్న వేశాడు. మోకాలెత్తు వచ్చేసరికి చేను చూడటానికి జనం దారి మీద ఆగడం మొదలైంది. చుట్టూ పాలిపోయిన పసుపు, నడుమ మాత్రం వల వేసినంత మేర నల్లగా కనిపించేంత పచ్చ. ఆ పచ్చ అంచు గీత గీసినట్టు ఆగిపోయింది. అక్కణ్ణుంచి రెండడుగుల అవతల మొక్క పొట్టిగా, ఆకుల చివర్లు ఎండి ఉంది. కంకులు వేశాక తేడా ఇంకా పెరిగింది. అతను తలుపు తీస్తే ముందు కనపడేది ఆ పట్టీయే. అన్నం తింటూ తలెత్తినా అదే కనపడేది.

మందక్క రోజూ ఆ దారినే పోయేది. ఇప్పుడు గొర్రెల్ని పరుగెత్తించడం లేదు. గట్టు పక్కన ఆగి, తల తుడుచుకుని, తీరిగ్గా చూసి వెళ్ళేది. "ఏంటి మందక్కా, చేనుకు అతుకు వేశావా?" అని ఎవరో అడిగితే, "కుట్టేది మా కోడలు. నేను గుడ్డ ఎంత చిరిగిందో చూపించానంతే" అంది.

కంకులు విరిచే ముందు అన్న ఆమె ఇంటికి వచ్చాడు. వెనకే కూతురు కూడా ఉంది. అతను గడప బయటే ఆగాడు. మందక్క కూర్చోమనలేదు. వల చిరిగిన చోట ముడులు వేస్తోంది.

"బట్టీ ఆయన్ని రావద్దని చెప్పాను" అన్నాడు.

"ఊఁ."

"మట్టి చచ్చిపోలేదు."

"ఊఁ."

"మంద తోలు చెల్లీ."

ఆమె చెయ్యి ఆగింది. ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట. విన్నాక ఏదో అవుతుందనుకుంది. కడుపు కోసిన గొర్రె పక్కన తను మోకాళ్ళ మీద కూర్చోవడం గుర్తొచ్చింది, అంతే. ఆ మంట కాస్త కూడా తగ్గలేదు.

"ఎవరి చేనులో?" అంది.

"నా చేనులో."

"నీ చేనులో తోలను."

"ఇప్పుడు అడిగాను కదా. ఇంకేం చెయ్యమంటావు?"

"చేను నీది కాకుండా చెయ్యి. కోడలి పేరుకు రాసెయ్యి. ఆ రోజు నుంచి ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఏటేటా, ముందు దాని చేనులోనే దిగుతుంది మంద. నీ పేరున ఉన్నంతకాలం ఆ నడుమ పట్టీ చూసుకుంటూ కూర్చో."

"అత్తా, మీ ఇద్దరి మధ్య నన్నెందుకు లాగుతావు?" అంది మేనకోడలు. "నాకు చేను కావాలి. నీ పగ అక్కర్లేదు."

"రెండూ ఆ మట్టిలోనే కలిసున్నాయే. విడదీసి ఇవ్వడం నాకు చేతకాదు."

అన్న గడప వైపు చూస్తూ అడిగాడు. "నన్ను వెళ్ళగొడుతున్నావా?"

"ఇంట్లోంచి కాదు. చేనులోంచి."

ఆమె మళ్ళీ ముడులు వెయ్యడం మొదలుపెట్టింది. వాళ్ళు పోయాక మొగుడు, "నీకు భయపడి బతుకుతున్నందుకు నన్ను నేనే మెచ్చుకోవాలి" అన్నాడు. నవ్వుతూ కాదు.

కంకులు ఇంటికి చేరాక చేను కూతురి పేరుకు మారింది. ఆ కబురు మేనకోడలే తెచ్చింది, గుమ్మంలో నిలబడే చెప్పి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మంద దిగింది. దారి వైపు చివర, చౌడు తేలి అన్నిటికంటే గట్టిపడిన చోట మొదలుపెట్టమంది మందక్క. అన్న తలకు తువ్వాలు చుట్టుకుని గట్టు దిగి వచ్చాడు. గుంజల కట్ట దగ్గరకు వచ్చి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. ఆమె అతని వైపు చూడకుండా మేనకోడల్ని అడిగింది.

"నీ చేనులోకి వచ్చాడు, ఈయన ఎవరమ్మా?"

మేనకోడలు అత్తను చూసింది, తండ్రిని చూసింది. "మా నాన్న" అంది గట్టిగా. "పని చేస్తానని వచ్చాడు."

"చెయ్యమను."

అతను గుంజ నిలబెట్టి సమ్మెట వేశాడు. గుంజ దిగలేదు, పక్కకు ఎగిరింది. మళ్ళీ నిలబెట్టాడు. రాతి మీద కొట్టినట్టు చప్పుడైంది. అతని భుజాలు ఎగిసిపడుతున్నాయి. మొగుడు సాయం వెళ్ళబోతే మందక్క చెయ్యి అడ్డం పెట్టింది. అన్న కొడుతూనే ఉన్నాడు. పెచ్చు పగిలి, మట్టి పిసరంత పిసరంతగా దారి ఇచ్చి, చివరికి గుంజ నిలిచింది. అతను సమ్మెట కింద పెట్టి ముఖం తుడుచుకున్నాడు.

మందక్క వచ్చి గుంజను చేత్తో ఊపి చూసింది. గట్టిగానే ఉంది.

"ఇక్కడ కాదు. రెండడుగులు అవతలికి" అంది.

అతను ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత వంగి, గుంజను రెండు చేతులా పట్టుకుని, పైకి లాగడం మొదలుపెట్టాడు.